ఫ్లూ ఏడాది ఔన్సు గ్లాసు

మా వీధిలో ఆరోగ్యశాఖలో కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె ఉంది. మొన్న కాఫీకి పిలిస్తే వచ్చి, మాటల్లో మాటగా, "పెద్దమ్మా, మీ రోజుల్లో ఫ్లూ వస్తే బళ్లలో ఏం చేసేవాళ్లు?" అని అడిగింది. "వరసలో నిలబెట్టి మందు తాగించేవాళ్లం" అని నవ్వేశాను. ఆమె కూడా నవ్వి వెళ్లిపోయింది. ఆమె గేటు దాటాక నాకు నా నవ్వు మీదే ఒళ్లు మండింది. అది నవ్వి వదిలేసే సంగతి కాదు. కోపం చల్లారాక రాద్దామని ఇన్నేళ్లు ఆగాను. అది చల్లారేటట్టు లేదు, నేనే ముందు చల్లారేటట్టున్నాను. కాబట్టి ఆ అమ్మాయికీ, ఆమె ఈడు వాళ్లకూ కోపంతోనే రాస్తున్నాను.

మద్రాసులో హెల్త్ విజిటర్ చదువు ముగించి నేను ఆదోనికి వచ్చేనాటికి మన రాష్ట్రం పేరు, రాజధాని ఒకదాని వెనక ఒకటి మారిపోతున్నాయి. నా పని మాత్రం మారలేదు. గర్భిణుల ఇళ్లకు పోవడం, బాలింతలను చూడడం, బళ్లలో పిల్లల కళ్లు, గోళ్లు, తలలు చూడడం. ఊళ్లో నన్ను అందరూ నర్సమ్మ అనేవాళ్లు. కాదని చెప్పి చెప్పి అలసిపోయి, చివరికి నేనూ ఒప్పుకున్నాను.

ఫ్లూ వచ్చింది వేసవి సెలవులయి బళ్లు తెరిచిన రోజుల్లో. మద్రాసు నుంచి బొంబాయి పోయే రైలు ఆదోనిలో ఆగుతుంది. పత్తి కొనేవాళ్లు, అమ్మేవాళ్లు, కూలీలు అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తిరిగే ఊరు అది. జ్వరం కూడా వాళ్లతోపాటే స్టేషన్లో దిగింది. ముందు పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లుల్లో మనుషులు జ్వరంతో పడ్డారు. ఆ తర్వాత వాళ్ల పిల్లలు దగ్గుకుంటూ బడికి వచ్చారు.

నా కింద ఉన్న బళ్లలో పెద్దది మిల్లుల వెనక ఉండేది. మిల్లు కూలీల పిల్లలు, హమాలీల పిల్లలు, పల్లెల్లో వాన లేక ఊళ్లోకి వచ్చేసినవాళ్ల పిల్లలు ఎక్కువ. బజారుకు దగ్గర కాబట్టి నలుగురైదుగురు షావుకార్ల పిల్లలు కూడా వచ్చేవాళ్లు. గదులు చాలక మోకాలికి మోకాలు తగిలేటట్టు కూర్చునేవాళ్లు. ఒకరు తుమ్మితే ముందు వరస వీపులన్నీ తడిసేవి.

నేను హెడ్‌మాస్టరు దగ్గరికి పోయి, "దగ్గే పిల్లలను ఇంటికి పంపించండి, మిగిలినవాళ్లను వేపచెట్ల కింద ఎడంగా కూర్చోబెట్టండి, వీలైతే కొన్నాళ్లు బడి మూయండి" అన్నాను.

ఆయన మంచివాడే. కానీ పైవాళ్ల పేరు చెబితే లేచి నిలబడే మనిషి. "ఏందమ్మా నువ్వు సెప్పేది! బడికి రాని పిల్లోళ్లను రమ్మని ఇంటింటికీ తిరిగి తెచ్చేది మేము. వచ్చినోళ్లను పొమ్మని యా నోటితో సెప్పాల? పెద్ద డాక్టరు గారు ఏదో ఏర్పాటు చేస్తాండారంట, అందాక ఊరుకో" అన్నాడు.

ఆ ఏర్పాటు ఏమిటో రెండు రోజుల్లో తెలిసింది. ఫ్లూ రాకుండా బడి పిల్లలందరికీ ముందుగానే మిక్శ్చరు తాగించాలట. చుట్టుపక్కల బళ్ల పిల్లలందరినీ ఈ బడి ఆవరణలోకే తోలుకుని రావాలట. ఆ మిక్శ్చరులో ఏముందో నాకు తెలుసు. కొంచెం క్వినైను, కొంచెం సోడా, తాగేటట్టుండాలని రంగు, తీపి. అది ఫ్లూను ఆపుతుందని నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. మా ఆసుపత్రి పెద్ద డాక్టరుకు ఆ సంగతి నాకంటే బాగా తెలుసు. కానీ ఏదో ఒకటి చేస్తున్నట్టు కనిపించాలి కదా! ఈ కనిపించడం అనే జబ్బుకు మాత్రం ఇప్పటికీ మందు రాలేదు.

ఆయన దగ్గరికి పోయి రెండు మాటలు చెప్పాను. ఆరోగ్యంగా ఉన్న పిల్లలనూ జబ్బు పిల్లలనూ ఒకచోట పోగెయ్యవద్దన్నాను. తప్పదంటే ఎవరి గ్లాసు వాళ్లను ఇంటి నుంచి తెచ్చుకోమందామన్నాను. ఆయన చిరునవ్వు నవ్వి, "అమ్మాయ్, మందు తాగించడమంటే పెళ్లిభోజనం కాదు, ఎవరి ఆకు వాళ్లు తెచ్చుకోవడానికి" అన్నాడు. పక్కనున్న గుమాస్తా కూడా నవ్వాడు. నేను బయటికి వచ్చేశాను.

మా ఆసుపత్రి కాంపౌండరు రిటైర్మెంటు దగ్గరపడిన పెద్దమనిషి. ఎవరేం చెప్పినా "అట్లే సార్, అట్లేనమ్మా" తప్ప ఇంకో మాట ఆయన నోట రాదని ఆసుపత్రి అంతా ఆటపట్టించేవాళ్లు. మిక్శ్చరు కలిపింది ఆయనే. జాడీలు, ఔన్సు గ్లాసు, బకెట్టు నీళ్లు పట్టుకుని ఆ పొద్దున బడికి వచ్చాడు. ఔన్సు గ్లాసంటే మందు కొలవడానికి గీతలు గీసిన చిన్న గాజు గ్లాసు. ఒకటే తెచ్చాడు. ఇంకోటి లేదా అని అడిగితే, "ఒకటి సాలంట, పెద్దాయప్ప సెప్పినాడు" అన్నాడు.

పిల్లలు వచ్చారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే కాదు, ఇంట్లో మూలుగుతూ పడుకున్నవాళ్లు కూడా వచ్చారు. మందిస్తున్నారంటే ఏ తల్లి ఊరుకుంటుంది? ఒళ్లు కాలిపోతున్న పిల్లలను చంకనేసుకుని తెచ్చి వరసలో నిలబెట్టారు. నేను వాళ్లను విడదీసి గోడ పక్కకు చేరుస్తుంటే, హెడ్‌మాస్టరు మళ్లీ తెచ్చి వరసలో కలిపాడు. వరస వంకరగా ఉంటే పెద్ద డాక్టరుకు కోపమొస్తుందని ఆయన భయం.

మన వైపు ఇళ్లలో నీళ్లు తాగే పద్ధతి మీకు తెలుసు. గ్లాసును పెదవికి తగలనివ్వరు. తల వెనక్కి వంచి, నోరు తెరిచి, పైనుంచి పోసుకుంటారు. మాటలు రాని పిల్లలకు కూడా ముందు నేర్పేది అదే. ఆ పిల్లలు మందును కూడా అట్లాగే పోసుకోబోయారు. గ్లాసు చిన్నది, వెనకనుంచి తోపులాట, ఒకరిద్దరికి చొక్కా మీద పడింది. పెద్ద డాక్టరుకు కోపమొచ్చింది. "ఒలకబోస్తున్నారు! నోటికి ఆనించి తాగించండి" అని అరిచాడు.

అప్పటి నుంచి ఒక్కొక్క పిల్ల పెదవుల మధ్య ఆ గ్లాసు దూరడం, బయటికి రావడం, కాంపౌండరు దాన్ని బకెట్టు నీళ్లలో ముంచి తీయడం, మళ్లీ నింపడం. కొద్దిసేపటికే బకెట్టు నీళ్లు మిక్శ్చరు రంగుకు తిరిగాయి. ఆ నీళ్లలో కడిగితే గ్లాసు శుభ్రమవుతుందట!

రెండో తరగతి పిల్ల ఒకతె వరసలో ముందుకొచ్చింది. దాని ముందున్న పిల్లవాడు దగ్గి దగ్గి కళ్ల నీళ్లతో మందు మింగి పక్కకు పోయాడు. ఈ పిల్ల గ్లాసు అందుకుని తల వెనక్కి వంచి నోరు తెరిచింది. పెద్ద డాక్టరు దాని మణికట్టు పట్టుకున్నాడు.

"నోటికి పెట్టుకో."

"మా అవ్వ ఎంగిలి తాగద్దన్నాది సార్."

"తాగు!"

గ్లాసును ఆయనే దాని పెదవుల మధ్య నొక్కిపెట్టి తాగించాడు. ఆ పిల్ల ఏడవలేదు. కళ్లు మాత్రం గేటు వైపు తిప్పింది.

గేటు దగ్గర బొరుగులు, అంటే మరమరాలు, అమ్ముకునే ముసలామె ఆ పిల్ల అవ్వ. హొళగుంద వైపు పల్లె వాళ్లది. కొడుకూ కోడలూ జిన్నింగు మిల్లులో పనికి పోతే మనవరాలిని ఆమే చూసుకునేది. తన గంపలో ఏ పిల్లనూ చెయ్యి పెట్టనిచ్చేది కాదు. శేరుతో కొలిచి పైనుంచే వాళ్ల ఒళ్లో పోసేది. ఆమె గంప అక్కడే వదిలేసి లోపలికి వచ్చి నా ముందు నిలబడింది.

"ఏం నర్సమ్మా, అందరి ఎంగిలి నా మనవరాలి నోట్లో పెడతాండారే, ఆ సారు బిడ్డైతే పెడతాడా?"

నేను జవాబు చెప్పేలోపు పెద్ద డాక్టరు అందుకున్నాడు. కుర్చీలోంచి లేచి, పిల్లలందరికీ వినపడేటట్టు ఉపన్యాసమిచ్చాడు. "చూశారా! ఈ ఎంగిలి, ఈ మడి, ఈ మూఢనమ్మకాలే దేశాన్ని వెనక్కి లాగుతున్నాయి. ఇక్కడ పెద్ద లేదు, చిన్న లేదు. అందరికీ ఒకే మందు, ఒకే గ్లాసు!" హెడ్‌మాస్టరు చప్పట్లు కొట్టాడు. ఆయన కొట్టాడని టీచర్లు కొట్టారు, వాళ్లు కొట్టారని పిల్లలు కొట్టారు. ముసలామె ఆ చప్పట్ల మధ్య తలవంచుకుని తన గంప దగ్గరికి పోయింది.

ఆ ముసలామెకు సూక్ష్మక్రిముల సంగతి తెలుసని నేను చెప్పను. ఫ్లూ రైలు పొగలో వచ్చిందని ఆమె నమ్మకం. ఎంగిలి పేరు చెప్పి మనుషులను దూరం పెట్టే పాపిష్టి అలవాటు కూడా ఆ ఊళ్లో ఉంది. అదే బడిలో కడవ దగ్గర కొందరు పిల్లలను ముట్టుకోనివ్వకుండా దోసిట్లోకి పైనుంచి నీళ్లు పోసేవాళ్లు. దాని మీద హెడ్‌మాస్టరుతో గొడవపడి ఆ పద్ధతి మాన్పించింది నేనే. కానీ మనిషిని అంటరాదనడం వేరు, దగ్గే పిల్లవాడి ఉమ్మును పక్క పిల్ల నోట్లో పోయడం వేరు. ఈ తేడా తెలియనంత చదువు తక్కువ మనిషి కాదు ఆయన. తేడా చెరిపేసి, పైగా దానికి సమానత్వమని పేరు పెట్టాడు.

అంతలో గుర్రబ్బండి వచ్చి ఆగింది. పత్తి షావుకారు మనవళ్లు ముగ్గురు దిగారు. వెంట వచ్చిన పనిమనిషి చేతిలో మూడు వెండి గ్లాసులు. పెద్ద డాక్టరు "రండి బాబూ, రండి" అని వాళ్లను వరస దాటించి ముందుకు పిలిచి, జాడీలోంచి వెండి గ్లాసుల్లోకి మందు తనే పోశాడు. వాళ్లు తల వెనక్కి వంచి పైనుంచి పోసుకున్నారు. ఒకడు చొక్కా నిండా ఒలకబోసుకున్నాడు కూడా. ఆయన జేబురుమాలు తీసి తుడిచాడు.

నాకిక నోరు ఆగలేదు. "సార్, సొంత గ్లాసు తెచ్చుకోవచ్చన్నమాట" అన్నాను.

"వాళ్ల సంగతి వేరమ్మా. పెద్దింటి పిల్లలు, అలవాటుండదు."

"ఈ పిల్లలకు మాత్రం ఎక్కడుంది సార్ అలవాటు? ఎత్తి పోసుకుంటుంటే మీరే కదా చెయ్యి పట్టుకున్నారు."

"వరస వంకర పోయింది. పోయి సరిచెయ్యి" అన్నాడు.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి పెద్దగా ఏం లేదు. బడి మూయమంటే ఎవరూ మూయలేదు. వారం తిరక్కుండా అదే మూతపడింది. వచ్చే పిల్లలూ లేరు, చెప్పే టీచర్లూ లేరు. ఫ్లూ అంతా ఆ గ్లాసులోంచే వచ్చిందని నేను ప్రమాణం చేయలేను. గాలిలో ఉంది, గదుల్లో ఉంది, మిల్లుల్లో ఉంది. కానీ మనం రాకుండా ఆపుతామని పిల్లలను పిలిచి, మన చేతులతో దాన్ని వాళ్ల నోటికి అందించాం. ఇది మాత్రం ఏ దేవుడి ముందైనా ప్రమాణం చేసి చెబుతాను.

ఆ పిల్లకు జ్వరం వచ్చింది. అవ్వ పక్కనే పడుకునే పిల్ల కాబట్టి అవ్వకూ వచ్చింది. పిల్ల లేచి తిరిగింది, అవ్వ లేవలేదు. నేను వాళ్ల గుడిసెకు రోజూ పోయేదాన్ని. మిల్లు దూది ఎగిరి వచ్చి ఆ గుడిసె కప్పంతా తెల్లగా ఉండేది. ముసలామెకు ఊపిరి ఆడక ఛాతీ గురగురమనేది. అయినా మాట్లాడేది.

"శ్రావణానికి ఉరుకుంద ఈరన్న సామి గుడి కాడికి పోదామనుకుంటి నర్సమ్మా. పిల్లకు ఎంటికలు ఇయ్యాల. మొక్కుండాది."

"పోదువులే అవ్వా."

"నేను అపుడే సెప్తి గదమ్మా, ఆ గలాసు వద్దని." అందులో నిష్ఠూరం లేదు. నాకు తెలియదేమోనని మరోసారి చెప్పినట్టు చెప్పింది.

శ్రావణం రాకముందే పోయింది. ఆ మాట పెద్ద డాక్టరుకు చెబితే, "వయసు మళ్లిన మనిషి కదా" అన్నాడు. ఆ వెంటనే, "మందు పడబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఊరు ఇంకెంత దెబ్బతినేదో" అన్నాడు. నేను ఆయన ముఖంలోకి చూశాను. నిజంగా నమ్ముతున్నాడు! అబద్ధమాడే మనిషితో పోట్లాడవచ్చు. తన అబద్ధాన్ని తనే నమ్మేసిన మనిషితో ఏం చేస్తాం?

ఆదోనిలో అంత బాగా జరిగింది కాబట్టి ఎమ్మిగనూరులో కూడా చేద్దామన్నాడు. ఏర్పాట్లు చూడమని నన్నూ కాంపౌండరునూ ఒకరోజు ముందు బస్సులో పంపించాడు. దారి పొడుగునా కాంపౌండరు జాడీలను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఊరు దగ్గరపడేటప్పుడు ఆయనే మెల్లగా, "అమ్మా, ఆ బొరుగుల అవ్వ నాకు రోజూ ఒక గుప్పెడు ఎక్కువ పోసేది" అన్నాడు.

ఎమ్మిగనూరులో సాలె వీధులన్నీ తిరిగాను. కొన్ని ఇళ్లలో మగ్గాలు అప్పటికే ఆగిపోయి ఉన్నాయి. మగ్గం ఆగిన ఇంట్లో జ్వరమున్నట్టే లెక్క. ప్రతి గడపలోనూ ఒకే మాట చెప్పాను. "దగ్గే బిడ్డను రేపు పంపించొద్దండి. బాగున్న బిడ్డను పంపిస్తే మీ ఇంటి గ్లాసు చేతికిచ్చి పంపండి. ఆ గ్లాసులో తప్ప మందు తాగనివ్వొద్దండి."

ఒక ఇంట్లో మగ్గానికి నూలు కండెలు చుడుతున్న ఆమె నన్ను ఎగాదిగా చూసి, "సర్కారోళ్లే గదా మందిచ్చేది. మళ్ల మీరే ఇట్ల సెప్తాండారే?" అంది.

ఆమెకు ఆదోనిలో జరిగిందంతా చెప్పాను. వెండి గ్లాసులు కూడా దాచలేదు. ఆమె కండె పక్కన పెట్టి అంతా వింది. "సరే పో నర్సమ్మా. మా వీధికి నేను సెప్తాలే" అంది.

మరునాడు బడి ఆవరణ చూసి నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఇత్తడి గ్లాసులు, సొట్టలు పడిన సత్తు గ్లాసులు, మట్టి ముంతలు, కొబ్బరి చిప్పలు. ఒక పిల్లవాడైతే మోయలేని బిందెను రెండు చేతులతో కరుచుకుని వచ్చాడు. ఇంట్లో గ్లాసు దొరకలేదట. గోడ పొడుగునా తల్లులు నిలబడ్డారు.

పెద్ద డాక్టరు జీపు దిగి అదంతా చూసి ఎర్రబడ్డాడు. "ఏమిటిది? అన్నదానమా? తీసి అవతల పెట్టించండి ఈ చెంబులూ చిప్పలూ!"

పిల్లలు కదల్లేదు. తల్లుల వైపు చూశారు. కండెలు చుట్టే ఆమె ముందుకొచ్చింది. "సారూ, మా పిల్లోళ్లు మా గలాసుల్లోనే తాగుతారు. ఆదోనిలో షావుకార్ల పిల్లోళ్లు తాగలేదా? ఆడ వెండిది పనికొస్తే ఈడ మట్టిది ఎందుకు పనికిరాదు?"

ఆయన నా వైపు తిరిగాడు. "ఎవరు చెప్పారు వీళ్లకు?"

"నేనే చెప్పాను సార్."

"ఎవరి గ్లాసులో వాళ్లకు పోస్తే ఔన్సు లెక్క ఎలా తెలుస్తుంది? ఎక్కువైతే ఎవరు జవాబుదారు? నువ్వా?"

ఆ మాటకు నేను నోరు తెరిచేలోపు వెనకనుంచి గొంతు వినిపించింది. "ఔన్సు గ్లాసుతో కొలిచి వాళ్ల గలాసులో పోస్తే లెక్క తప్పదు సార్." కాంపౌండరు! ఆయన పట్టుకున్న జాడీ మూత టకటకమంటోంది. కానీ చెప్పాడు. ఏళ్ల తరబడి 'అట్లే సార్' అన్న మనిషి అట్ల కాదన్నాడు. పెద్ద డాక్టరుకు నా మాట కంటే ఆ మాటే ఎక్కువ తగిలింది. ఇద్దరినీ మార్చి మార్చి చూసి జీపెక్కి బంగళాకు పోయాడు. మేము మధ్యాహ్నం దాకా కొలిచి పోశాం. ఎవరి చిప్పలో వాళ్లు తాగారు. బిందె పిల్లవాడికి అడుగున ఉన్న ఔన్సు మందు నోట్లో పడేటట్టు బిందె వంచడానికి నలుగురం పట్టాల్సి వచ్చింది.

ఎమ్మిగనూరుకు ఫ్లూ రాలేదని చెప్పను. వచ్చింది, బడి కూడా కొన్నాళ్లు మూతపడింది. ఆ మిక్శ్చరు అక్కడా ఏమీ ఆపలేదు. కానీ మా చేతులతో మేము జబ్బు ఎక్కించలేదు. పైవాళ్ల మాట లెక్కచెయ్యలేదని నాకు సంజాయిషీ నోటీసు, వెంటనే చిప్పగిరికి బదిలీ వచ్చాయి. కాంపౌండరు మిగిలిన సర్వీసంతా స్టోరు గదిలో సీసాలు కడుగుతూ గడిపాడు. పెద్ద డాక్టరుకు పెద్ద హోదా వచ్చింది. ఆ తర్వాత ఒక సభలో, ఎవరి గ్లాసు వాళ్లు తెచ్చుకునే పద్ధతిని బళ్లలో మొదట పెట్టింది తానేనని ఆయన చెప్పుకోవడం నా చెవులారా విన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం కొట్టలేదు.

బదిలీ మీద పోయే ముందు ఆదోనిలో బొరుగుల అవ్వ గుడిసెకు పోయాను. పిల్లకు దగ్గు ఇంకా తగ్గలేదని వాళ్లమ్మ కబురు చేసింది. సంచిలోంచి మందు సీసా తీసేసరికి, ఆ పిల్ల రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుని గోడకు అతుక్కుపోయింది.

వాళ్లమ్మ గదమాయించబోతే ఆపాను. ఆ పిల్ల చేసింది తప్పేమీ కాదు. మందంటే, నర్సమ్మంటే ఏమిటో మేము దానికి నేర్పింది అంతే. నేను సీసా నేల మీద పెట్టి, "మీ ఇంటి గ్లాసు తెచ్చుకో, అందులో పోస్తా" అన్నాను.

సీసా వైపు, నా వైపు చూసింది. తర్వాత లోపలికి పోయి, దూలానికి వేలాడుతున్న ఉట్టిలోంచి సొట్ట పడిన చిన్న ఇత్తడి గ్లాసు తీసుకొచ్చింది. అది అవ్వ నీళ్లు తాగే గ్లాసని వాళ్లమ్మ చెప్పింది. చెంచాతో కొలిచి అందులో మందు పోశాను. పిల్ల గ్లాసును తలకు పైగా ఎత్తింది, తల వెనక్కి వంచింది, నోరు తెరిచి సన్నని ధారగా పోసుకుని మింగింది.

ఒక్క చుక్క ఒలకలేదు.